ఒక్క మెతుకు చాలునా? సమాజశాస్త్రం పల్లెను చూసే తీరుపై ఒక విమర్శ

ఒక పల్లెకు ఒక చెరువు ఉన్నదనుకొందాం. ఇంజనీరు వచ్చి దాని కట్ట పొడవును, తూముల ఎత్తును, అందులో పట్టే నీటి పరిమాణాన్ని కొలుస్తాడు. రసాయనశాస్త్రజ్ఞుడు ఆ నీటిలో కరిగి ఉన్న లవణాలను లెక్క కడతాడు. అర్థశాస్త్రజ్ఞుడు దాని ఆయకట్టులో ఎన్ని పుట్ల వడ్లు పండుతాయో, వాటి ధర ఎంతో చెబుతాడు. వీరందరూ తమ పని ముగించుకొని వెళ్ళిపోయిన తరువాత కూడా ఆ చెరువును గురించి అడగవలసిన ప్రశ్నలు కొన్ని మిగిలే ఉంటాయి. తూము తీసే అధికారం ఎవరిది? నీళ్ళు చాలని ఏడాది ఎవరి మడికి ముందు పారుతుంది, ఎవరి మడి ఎండుతుంది? పూడిక తీసేటప్పుడు పారపట్టేది ఎవరు, గట్టున నిలబడి పనిచెప్పేది ఎవరు? ఒకప్పుడు ఈ చెరువులో ఏ రేవున ఎవరు దిగకూడదు? ఈ కట్టుబాటును ఎవరు పెట్టారు, అది తప్పినవాడిని ఎవరు శిక్షించారు?

ఈ ప్రశ్నలకు నీటిని ఎంత పరీక్షించినా జవాబు దొరకదు. జవాబు మనుషుల మధ్య ఉన్న సంబంధాలలో ఉన్నది. ఆ సంబంధాలను క్రమపద్ధతిలో పరిశీలించే విద్యకే సమాజశాస్త్రమని పేరు.

శాస్త్రం పరిధి

ఈ శాస్త్రానికి పేరుపెట్టినవాడు ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కోంట్. అది పందొమ్మిదో శతాబ్దపు మొదటి సగంలో జరిగింది. మన దేశంలో బొంబాయి విశ్వవిద్యాలయంలో 1919లో పాట్రిక్ గెడ్డిస్ నాయకత్వాన ఈ శాస్త్రానికి ఒక శాఖ ఏర్పడింది. కుటుంబం, కులం, వర్గం, మతాచారం, అధికారం, వలస, విద్య, నేరం, ఇవన్నీ దాని పరిధిలోకి వస్తాయి. ఇన్ని విషయాలు చేరేసరికి, ‘ఇది అన్ని శాస్త్రాల ఇళ్ళలోను తలదూర్చేదే గాని దీనికంటూ సొంత ఇల్లు లేదు’ అని ఆక్షేపించేవారు ఉన్నారు. ఈ ఆక్షేపణ నిలవదు. సమాజశాస్త్రానికి ప్రత్యేకత దాని వస్తువులో కంటె దాని చూపులో ఉన్నది. భూమి అర్థశాస్త్రానికీ వస్తువే. ఐతే భూమి ఉన్నవాడు వస్తే రచ్చబండ మీద కూర్చున్నవారిలో ఎవరు లేచి నిలబడతారు అన్న ప్రశ్న మాత్రం సమాజశాస్త్రానిది.

నేను బోధించేది భౌతికశాస్త్రం. కనుక ఒక విద్య శాస్త్రమా కాదా అని తేల్చుకొనేటప్పుడు నాకు మూడు ప్రశ్నలు తోస్తాయి. పరిశీలన ఎట్లా చేశారు? పరిశీలించేవాని వల్ల కలిగే దోషాన్ని ఎట్లా లెక్కలోకి తీసుకొన్నారు? మరొకరు పోయి సరిచూడగలరా? ఈ మూడు ప్రశ్నలనూ మన తెలుగుదేశపు పల్లె ఒకదానిపై వచ్చిన ప్రసిద్ధ గ్రంథానికి పెట్టి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ గ్రంథం ఆచార్య ఎస్. సి. దూబే రాసిన ‘ఇండియన్ విలేజ్’. అది 1955లో వెలువడింది.

శామీర్‌పేట పుస్తకం

శ్యామాచరణ్ దూబే (1922–1996) మధ్యప్రదేశ్ ప్రాంతంనుంచి వచ్చినవారు. కమార్లనే గిరిజనులను పరిశీలించి 1951లో ఒక గ్రంథం ప్రకటించారు. తరువాత హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, ఆ విశ్వవిద్యాలయం వారి సాంఘిక సేవా విస్తరణ పథకం కింద 1951–52లో శామీర్‌పేట అనే గ్రామాన్ని పరిశీలించారు. హైదరాబాదునుంచి కరీంనగర్ పోయే దారిలో, పెద్ద చెరువు గల ఊరది. పరిశోధకులు ఒంటరిగా పోలేదు. వ్యవసాయం, వైద్యం, పశువైద్యం వంటి శాఖలవారు కలిసి ఒక జట్టుగా వెళ్ళారు. ఊరివారికి కొంత సేవ చేస్తూ, ఊరిని గురించి తెలుసుకొన్నారు.

ఈ గ్రంథానికి ముందు మన పల్లెలను గురించి రాసినవారు లేకపోలేదు. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో 1806లో, ఛార్లెస్ మెట్‌కాఫ్ 1830లో, భారత గ్రామాన్ని ఒక చిన్న గణరాజ్యంగా వర్ణించారు. రాజులు మారినా ఊరు మారదని, తనకు కావలసినవన్నీ తనలోనే కలిగి ఉన్నదని ఆ వర్ణన సారాంశం. ఆయగాళ్ళు పన్నెండుమంది ఉంటే ఊరికి ఇక బయటి ప్రపంచంతో పని లేదన్నట్లుగా ఆ చిత్రం సాగింది. తరువాత వచ్చిన జాతీయవాదులలో చాలామంది దీనినే గర్వంగా చెప్పుకొన్నారు. డాక్టర్ అంబేద్కర్ మాత్రం 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ఈ పొగడ్తను తీవ్రంగా ఖండించారు. ఒకరికి గణరాజ్యంగా కనిపించిన ఊరు మరొకరికి అణచివేతకు నిలయంగా కనిపించింది. ఇద్దరిలో ఎవరి మాట నిజం? ఇది వాదనతో తేలేది కాదు. ఊళ్ళోకి పోయి చూడవలసిందే. ఆ పని జరగడం వల్లనే 1955 ఈ శాస్త్ర చరిత్రలో గుర్తుంచుకోదగిన సంవత్సరమైంది. దూబే గ్రంథంతోపాటు, ఎం. ఎన్. శ్రీనివాస్, మెకిమ్ మారియట్, డి. ఎన్. మజుందార్ సంపాదకత్వాన మరి మూడు గ్రామ పరిశీలన సంపుటాలు ఆ ఒక్క ఏడే వచ్చాయి.

దూబే గ్రంథానికి ఉన్న మొదటి గుణం సమగ్రత. ఊరి ఉనికి, సంఘ నిర్మాణం, ఆర్థిక వ్యవస్థ, పండుగలు వ్రతాలు, కుటుంబ బంధాలు, జీవన ప్రమాణం, ఇరుగుపొరుగుల సహజీవనం, చివరకు వస్తున్న మార్పులు, ఇవన్నీ ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి. వడ్రంగి నాగలి చెక్కినందుకు కళ్ళంలో గింజలు కొలవడం ఆర్థిక విషయమా, కులాచారమా, బంధుత్వమా అని విడదీయలేము. విడదీస్తే ప్రాణం పోతుంది. కప్పను కోసి అవయవాలు చూడవచ్చు గాని, అది గెంతే తీరును చూడాలంటే బ్రతికి ఉన్నప్పుడే చూడాలి. దూబే ఊరిని బ్రతికి ఉండగా చూశారు.

రెండవ గుణం, ఊళ్ళో ఒక మనిషి అంతస్తును నిర్ణయించే అంశాలను ఆయన ఆరుగా విడమరచడం. మతం–కులం, భూస్వామ్యం, ధనం, ప్రభుత్వోద్యోగంలో గాని గ్రామ వ్యవస్థలో గాని ఉన్న పదవి, వయస్సు, వ్యక్తిలోని విశిష్ట గుణాలు, ఇవి ఆ ఆరు. కులం ఒక్కటే సర్వమూ నిర్ణయిస్తుందని పుస్తకాలు చదివి చెప్పే అలవాటును ఇది సరిదిద్దింది.

అయినా ఇక్కడ ఒక సందేహం. భౌతికశాస్త్రంలో ఆరు రాశులు ఒక ఫలితాన్ని నిర్ణయిస్తాయంటే, అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివా, ఒకదానిపై ఒకటి ఆధారపడినవా అని వెంటనే అడుగుతాం. ఈ ఆరింటిలో కులం, భూమి, ధనం, పదవి అనే నాలుగూ చాలావరకు ఒకే ఇంట్లో కాపురముండేవి. మన ప్రాంతంలో రెడ్డి, కరణం పదవులు 1984లో రద్దయ్యేవరకు వంశపారంపర్యంగా ఏ ఇళ్ళలో నడిచాయో ఇక్కడి పెద్దలకు తెలియనిది కాదు. వయస్సు, సద్గుణం అనేవి మిగిలిన నాలుగూ అనుమతించిన మేరకే పనిచేస్తాయి. డెబ్బై ఏళ్ళ తోటిని ఊళ్ళో పదేళ్ళ పిల్లవాడు ‘ఒరే’ అని పిలిచిన రోజులు పాతకాలపు కథలేమీ కావు. కనుక ఆరు అంశాల జాబితా మంచి ప్రారంభమే. ఐతే వాటి మధ్య బంధాన్ని తేల్చనిదే అది కొలత కాదు, పట్టిక మాత్రమే.

మెతుకు, కుండ

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన ఇళ్ళలో అంటారు. ఈ సామెతలో మంచి శాస్త్రమే ఉన్నది. కుండలోని బియ్యమంతా ఒకే రకం, నీళ్ళు ఒకటే, మంట ఒకటే. కనుక ఒక మెతుకు మిగిలినవాటి సంగతి చెబుతుంది. ఈ మూడు షరతులలో ఏది తప్పినా సామెత పనిచేయదు.

శామీర్‌పేటను పరిశీలించిన గ్రంథానికి ‘భారత గ్రామం’ అని పేరు పెట్టడంలో ఈ చిక్కే ఉన్నది. ఏ ఒక్క ఊరూ దేశానికంతటికీ ప్రతినిధి కాదన్నది దూబేకు తెలియని విషయం కాదు. ఐనా అట్టమీది పేరు లోపలి జాగ్రత్తను మింగివేస్తుంది. ఒక్క ఉదాహరణ చాలును. ఉత్తర హిందూస్థానంలో చాలాచోట్ల ఆడపిల్లను సొంత ఊళ్ళో ఇవ్వరు. ఒక ఊరి ఆడపిల్లలంతా ఆ ఊరి మగపిల్లలకు అక్కచెల్లెళ్ళ వరుస. మన తెలుగు పల్లెలో మేనరికం ఉన్నది. ఎదురింటి మేనబావకు ఇవ్వడం గాని, పక్క వీధి మేనమామకు ఇవ్వడం గాని మనకు తప్పు కాదు. ఈ ఒక్క తేడావల్ల అక్కడ కోడలు తెలియని ఊరికి, తెలియని ముఖాల మధ్యకు పోతుంది. ఇక్కడ అత్త చాలాసార్లు మేనత్తే. కోడలి తలమీద కొంగు దగ్గరనుంచి భూమి పంపకాల దాకా దీని ప్రభావం ఉంటుంది. ఇక రెండు ఊళ్ళూ ఒకే కుండలోని మెతుకులని ఎట్లా అనగలం?

అంత దూరం పోనక్కరలేదు. 1911లో ఏర్పడిన నాటి చిత్తూరు జిల్లా సరిహద్దులనే తీసుకొందాం. తూర్పున స్వర్ణముఖి కింద వరి మళ్ళున్న ఊరు, నగరి వైపు మగ్గాల చప్పుడుతో తెల్లవారే ఊరు, పడమట మదనపల్లె మిట్టమీద టమేటా తోటల ఊరు, కుప్పం వైపు మూడు భాషలు వినబడే ఊరు, ఈ నాలుగూ ఒక పోలికన ఉండవు. ఆ జిల్లాను 2022లో విడదీసి తిరుపతి జిల్లాను వేరుచేసినప్పుడు గీతలు మారాయి గాని ఈ తేడాలు మారలేదు. వృక్షశాస్త్ర విద్యార్థి అడవిలో ఒక్క చదరపు గజం కొలిచి అడవిలోని చెట్లన్నీ ఇవేనని రాస్తే మనం మార్కులు వేయము. పల్లె విషయంలోనూ అదే నియమం పాటించాలి.

ఊరి పొలిమేర ఎక్కడ?

ఇది రెండవ ఆక్షేపణ. ‘ఊరు’ అనే మాటను రెవిన్యూవారు వాడినట్లు సమాజశాస్త్రం వాడవచ్చునా? సర్వే రాళ్ళతో భూమి ఆగుతుంది గాని సంబంధాలు ఆగవు.

తిరుపతిలో ఏటా వేసవిలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరను చూడండి. ఆ జాతర అవిలాల గ్రామంనుంచి వచ్చే సారెతో మొదలవుతుంది. అవిలాల గంగమ్మకు పుట్టిల్లు. జాతరలో దొరవేషం, తోటివేషం, మాతంగివేషం మొదలైనవి వేసే హక్కు కైకాల కుటుంబాలది. తిరుమల వెంకటేశ్వరస్వామికి గంగమ్మ చెల్లెలని జనం నమ్మకం. అన్నగారి తరఫున దేవస్థానం కూడా ఆమెకు సారె పంపుతుంది. జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికన్ పండితురాలు ఈ జాతరపై 2013లో ఒక గ్రంథమే ప్రకటించారు. ఇప్పుడు ఆలోచించండి. అవిలాలను మాత్రమే పరిశీలించే వాడికి గంగమ్మ సగమే కనిపిస్తుంది. తిరుపతిని మాత్రమే చూసేవాడికి మిగతా సగమే కనిపిస్తుంది. ఇక్కడ పరిశీలించవలసింది ఒక ఊరు కాదు, రెండు చోట్లను పుట్టింటి అత్తింటి వరుసలో కలిపే ఒక బంధం.

దూబే ఈ సంగతిని పూర్తిగా విస్మరించారని చెప్పడం న్యాయం కాదు. గ్రామస్థుడు తన ఊరికేగాక కులం ద్వారా చుట్టుపక్కల ఊళ్ళకూ చెందినవాడని ఆయన గుర్తించారు. ఐనా గ్రంథం అమరికలో ఊరే కేంద్రం, బయటి ప్రపంచం దాని అంచు. మార్పు అనేది చివరి అధ్యాయంలో బయటినుంచి వచ్చే అతిథిలా ప్రవేశిస్తుంది. పరిశీలన జరిగిన కాలం గుర్తుచేసుకొంటే ఈ అమరికలోని లోటు స్పష్టమవుతుంది. 1946నుంచి 1951దాకా తెలంగాణలో సాయుధ రైతాంగ పోరాటం నడిచింది. 1948 సెప్టెంబరులో నిజాం ప్రభుత్వం పడిపోయింది. ఇంత కుదుపు తగిలిన నేలమీద నిలబడి రాసిన గ్రంథంలో, భాగాలన్నీ ఒకదానికొకటి ఒదిగి నడిచే యంత్రం బొమ్మ ముందుకు, సంఘర్షణ వెనుకకు పోయాయి. ఇది దూబే ఒక్కరి లోపం కాదు. సంఘాన్ని సమతూకంలో ఉన్న వ్యవస్థగా చూడడం ఆనాటి శాస్త్రానికి ఉన్న అలవాటు.

ఎవరి ఊరు?

చిన్న పాత్రలో కొద్దిగా వేడినీళ్ళు పోసి, అందులో పెద్ద ఉష్ణమాపకాన్ని ముంచితే, ఆ నీటి వేడిని కొంత ఉష్ణమాపకమే పీల్చుకొంటుంది. అది చూపించేది నీటి అసలు వేడిమి కాదు, తాను ముంచిన తరువాత మిగిలిన వేడిమి. గ్రామ పరిశీలనలో ఉష్ణమాపకం పరిశోధకుడే. అతడు ఊళ్ళో దిగగానే ఊరు కొంచెం మారుతుంది. అతని చేతిలో మందులో, విత్తనాలో ఉంటే జవాబులు ఇంకా మారుతాయి. శామీర్‌పేట జట్టు సేవ చేస్తూ పరిశీలించింది. ఇందువల్ల తలుపులు త్వరగా తెరుచుకొని ఉంటాయి. ఐతే తలుపు తెరిచినవాడు ఏమి ఆశించి మాట్లాడాడన్నది కూడా లెక్కలో ఉండాలి.

దీనికంటె ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉన్నది. పరిశోధకుడు ఎక్కడ దిగాడు? ఎవరి ఇంటి వసారాలో కూర్చొని రాసుకొన్నాడు? మన పల్లెలలో ‘ఊరు’ అనే మాటకే రెండర్థాలున్నాయి. పటంలో ఊరంటే అంతా. మాటల్లో ఊరంటే పెద్దకులాల ఇళ్ళున్న చోటు. మాలపల్లె, మాదిగపల్లె ఊరికి వెలుపలివి. ‘ఊళ్ళోకి పోయివస్తా’ అని దళితవాడ మనిషి అన్నప్పుడు, తాను ఊళ్ళో లేనన్న సంగతి ఆ మాటలోనే ఉన్నది. చదువుకొన్న పరిశోధకునికి ఇల్లు దొరికేది సాధారణంగా ఊళ్ళోనే. కనుక అతని కంటికి ముందు కనిపించేది ఊరివైపునుంచి కనిపించే ఊరు.

ఎం. ఎన్. శ్రీనివాస్ (1916–1999) అనుభవం ఇందుకు మంచి నిదర్శనం. ఆయన 1948లో మైసూరు ప్రాంతంలో రామపుర అని తాను పేరుమార్చి పిలిచిన ఊళ్ళో నివసించి పరిశోధన చేశారు. 1970 ఏప్రిల్‌లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా దుండగులు పెట్టిన నిప్పుకు, ఏళ్ళ తరబడి సవరించుకొన్న ఆయన కాగితాలు కాలిపోయాయి. అప్పుడు జ్ఞాపకంనుంచే ‘ది రిమెంబర్డ్ విలేజ్’ రాశారు. అది 1976లో వచ్చింది. తాను ఎక్కువగా భూమిగల పెద్దకులాలవారి మధ్యనే మసలానని, అందువల్ల అట్టడుగువారి జీవితం తనకు అంత దగ్గరగా తెలియలేదని ఆయన దాచుకోలేదు. పరికరంలోని దోషాన్ని ముందే చెప్పి కొలత ఇవ్వడం శాస్త్ర మర్యాద. ఆ మర్యాద శ్రీనివాస్‌లో మనకు విరివిగా కనిపిస్తుంది.

ప్రశ్న మారితే ఊరే మారిపోతుందనడానికి మెక్సికోలోని తెపోస్త్లాన్ అనే గ్రామం ప్రసిద్ధ నిదర్శనం. రాబర్ట్ రెడ్‌ఫీల్డ్ దానిని పరిశీలించి 1930లో గ్రంథం రాశారు. అందులో జనం ఒద్దికగా, తృప్తిగా బ్రతుకుతున్నారు. ఆస్కార్ లూయిస్ అదే ఊరికి పోయి 1951లో మరొక గ్రంథం ప్రకటించారు. అందులో పేదరికం, అసూయ, కొట్లాటలు, భయం నిండి ఉన్నాయి. నడుమ గడిచిన కాలం ఒక్కటే ఇంత తేడాకు కారణం కాజాలదు. రెడ్‌ఫీల్డ్ తరువాత 1955లో దీనికి నిజాయితీగల సమాధానం ఇచ్చారు. ఈ జనం దేనివల్ల ఆనందిస్తున్నారన్నది తన పుస్తకం వెనుక దాగిన ప్రశ్న అని, దేనివల్ల బాధపడుతున్నారన్నది లూయిస్ పుస్తకం వెనుక ప్రశ్న అని ఆయన అన్నారు.

ఇది వినగానే ‘ఐతే ఇది శాస్త్రమెట్లా అవుతుంది? ఎవరి ఇష్టం వారిదేనా?’ అని విద్యార్థి అడుగుతాడు. అడగవలసిందే. దీనికి జవాబు, దాగిన ప్రశ్నను బయటపెట్టినప్పుడే అది శాస్త్రమవుతుంది. దాగి ఉన్నంతకాలం అది అభిప్రాయమే. రెండవ మనిషి అదే ఊరికి పోగలగడం, పోయి మొదటి మనిషిని కాదనగలగడం, మొదటి మనిషి ఆ కాదనడానికి కారణం వెతకడం, ఈ మూడూ తెపోస్త్లాన్ విషయంలో జరిగాయి. ప్రయోగశాలలోనూ ఇంతకంటె ఎక్కువ ఏమి జరుగుతుంది?

పోల్చి చూడడం, మళ్ళీ చూడడం

ఊరిని పరీక్షనాళికలో పోయలేము. ఒక ఊరికి కాలువ తవ్వించి, మరొకదాన్ని ఎండబెట్టి, ఏమవుతుందో చూడడానికి శాస్త్రజ్ఞునికి అధికారం లేదు. ఐతే కొన్నిసార్లు చరిత్రే ఆ ప్రయోగం చేసిపెడుతుంది. మండ్య దగ్గర రెండు ఊళ్ళను స్కార్లెట్ ఎప్‌స్టైన్ 1954–56 మధ్య పరిశీలించారు. వంగల, దలేన అని ఆమె వాటికి పేర్లు పెట్టారు. రెండూ ఒకే ప్రాంతంలోనివి, భాష ఒకటే, కులాలు చాలావరకు ఒకటే. కాలువ నీరు వంగలకు వచ్చింది. దలేన మెరక కనుక దానికి అందలేదు. సామాన్యంగా మనం ఊహించేది, నీరు వచ్చి ధనం పెరిగిన ఊరే ఎక్కువ మారుతుందని. జరిగింది వేరు. వంగలలో చెరకు, వరి పెరిగాయి గాని, రైతుకు కూలికి మధ్య ఉన్న పాత వరస చాలావరకు అట్లాగే నిలిచింది. నీరందని దలేన జనం బ్రతుకుతెరువు కోసం బయటికి చూశారు. వ్యాపారం, ఉద్యోగం, బండ్లు తోలడం పట్టుకొన్నారు. అక్కడే పాత కట్టుబాట్లు ఎక్కువగా సడలాయి. 1962లో ఈ ఫలితాలు ప్రకటించిన ఎప్‌స్టైన్ 1970లో మళ్ళీ ఆ ఊళ్ళకు పోయి సరిచూశారు.

శామీర్‌పేట కంటె ఈ జంట ఊళ్ళ పరిశోధన మన రాయలసీమకు ఎక్కువ పాఠం చెబుతుందని నా అభిప్రాయం. మనది కాలువల సీమ కాదు, చెరువుల సీమ. కపిల తోలిన బావి పోయి కరెంటు మోటారు వచ్చింది. ఆపైన బోరు వచ్చింది. చెరువు పదిమందిది. బోరు ఒక్కరిది. చెరువు నీళ్ళు పంచే నీరుగట్టికి కళ్ళంలో అందరూ గింజలు కొలిచేవారు. బోరుకు నీరుగట్టితో పని లేదు. దానితో అతని పనీ, గింజలూ, ‘పూడిక తీద్దాం రండి’ అనే కేకా ఒకటొకటిగా పోయాయి. బోరువల్ల పైరెంత పెరిగిందో వ్యవసాయశాస్త్రం చెబుతుంది. బోరువల్ల ఊరివాళ్ళు ఒకరికొకరు ఎంత అక్కరలేనివాళ్ళయ్యారో చెప్పవలసింది సమాజశాస్త్రం. బోరు పడిన ఊరిని, పడని ఊరిని పక్కపక్కన పెట్టి చూడనిదే ఈ లెక్క తేలదు.

మళ్ళీ చూడడంలో మద్రాసు విశ్వవిద్యాలయం ఒక మంచి దారి వేసింది. అక్కడి అర్థశాస్త్రాచార్యుడు గిల్బర్ట్ స్లేటర్ విద్యార్థుల చేతికి ప్రశ్నావళి ఇచ్చి, వారివారి సొంత ఊళ్ళను పరిశీలింపజేశాడు. అవి 1918లో పుస్తకంగా వచ్చాయి. ఆ ఊళ్ళనే థామస్, రామకృష్ణన్ అనే ఆచార్యుల ఆధ్వర్యంలో మళ్ళీ పరిశీలించి 1940లో ప్రకటించారు. వాటిలో ఒకటైన ఇరువేల్పట్టు అనే దక్షిణార్కాటు గ్రామాన్ని ఆ తరువాత కూడా పలుమార్లు పరిశీలించారు. ఒక ఊరిని ఒక్కసారి చూసిన చూపు ఛాయాచిత్రం వంటిది. అదే ఊరిని తరానికొకసారి చూస్తే అది కదిలే బొమ్మ అవుతుంది. శామీర్‌పేట ఇప్పుడు దూబే చూసిన పల్లె కాదు. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం అక్కడే ఉన్నది. జీవశాస్త్ర పరిశ్రమల జీనోమ్ వ్యాలీ దాని పరిసరాలలోనే లేచింది. పుస్తకంలోని పల్లెకు, నేటి చోటుకు మధ్య జరిగినదంతా ఆ ఆరు అంశాలను తిరిగి పరీక్షించడానికి దొరికిన గొప్ప అవకాశం. అంతస్తును ఇప్పుడు ఏది నిర్ణయిస్తున్నది? భూమి ఇప్పటికీ పంటగా లెక్కకు వస్తున్నదా, ధరగా లెక్కకు వస్తున్నదా?

బడిలో ఏమి చేయవచ్చు?

ఈ చర్చ ఆచార్యులకే గాని బడిపంతుళ్ళకు ఎందుకని అనుకోరాదు. ఉన్నత పాఠశాలలో ‘మా గ్రామం’ అనే పాఠ్యకృత్యం ఇస్తూనే ఉంటాం. పిల్లలు అచ్చువేసిన పత్రం పట్టుకొని పోయి, ఇళ్ళెన్ని, బావులెన్ని, గేదెలెన్ని అని నింపుకొని వస్తారు. అది అవసరమే. 1961 జనాభా లెక్కలప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పరిశీలన గ్రంథాలు, జిల్లాలవారీగా జాతరల సంపుటాలు వచ్చాయి. వాటికి పునాది ఇటువంటి వివరాల సేకరణే. ఐతే పత్రంలో ‘కుటుంబ పెద్ద ఎవరు?’ అని ఒక గడి ఉంటుంది. కుప్పం వైపు ఒక పిల్లవాడి తండ్రి బెంగుళూరులో కూలిపనిలో ఉండి నెలకొకసారి వస్తాడనుకోండి. పాలు పిండి కేంద్రానికి పోసేది తల్లి, స్వయంసహాయక సంఘంలో అప్పు తెచ్చేది తల్లి, పొలం కౌలుకు మాట్లాడేది తల్లి. గడిలో మాత్రం పిల్లవాడు తండ్రి పేరు రాస్తాడు. పత్రం నిండింది. నిజం జారిపోయింది.

కనుక ఉపాధ్యాయులు గడులతోపాటు దారులను కూడా వెతకమని చెప్పాలి. ఈ పూట పిండిన పాలు ఎవరి చేతులు మారి ఎక్కడికి పోయాయి? ఈ ఏడు మన వీధిలో పెళ్ళయినవారి సంబంధాలు ఎన్ని మైళ్ళ దూరంనుంచి వచ్చాయి? జాతరలో మొదటి పూజ ఎవరిది, చివర ఊడ్చేది ఎవరు? అదే ప్రశ్నను ఊళ్ళో ఒక ఇంట్లోనూ, దళితవాడలో ఒక ఇంట్లోనూ, అక్కడి ఆడవాళ్ళనూ అడిగి, జవాబులు కలవనిచోట కొట్టివేయకుండా రెండూ రాయమనాలి. జవాబులు కలవని చోటే శాస్త్రానికి పని మొదలవుతుంది. ఆ నోటుపుస్తకాలను పరీక్ష కాగానే చిత్తుకాగితాలకు అమ్మకుండా బడి బీరువాలో తేదీ వేసి దాచితే, ఇరవై ఏళ్ళ తరువాత అదే బడి పిల్లలు వాటిని సరిచూడగలరు.

ఇక గ్రంథం విషయంలో తుది మాట. పల్లెను గణరాజ్యమని మొక్కకుండా, నరకమని తిట్టకుండా, ఓపికగా కూర్చొని చూసిన తొలి గ్రంథాలలో ‘ఇండియన్ విలేజ్’ ఒకటి. ఆ గౌరవం దానికి దక్కాలి. తెలుగు పల్లెమీద పనిచేయదలచినవారు నేటికీ దానితోనే మొదలుపెట్టవచ్చు. ఐతే దానిని దేశానికంతటికీ కొలతబద్దగా పట్టుకోరాదు. దాని ప్రశ్నలను తీసుకొని, జవాబులను మన ఊళ్ళో మళ్ళీ వెతకాలి. మెతుకు పట్టి చూడడంలో తప్పు లేదు. అది ఏ కుండలోదో, ఏ మంటమీద ఉడికిందో, గరిటె పట్టినది ఎవరో కూడా రాసిపెట్టుకోవాలి.